మిగులు జలాల వీధి

మా వీధిలో నీటి కొరత లేదన్న శుభవార్త, మేమిద్దరం ఖాళీ బకెట్ పట్టుకుని వంటింటి కుళాయి ముందు నిలబడి ఉండగా వచ్చింది.

ముందు ఆ కుళాయి గురించి ఒక మాట చెప్పాలి. మాకు పెళ్ళయి ఇంకా కొత్తే. పెళ్ళికి వచ్చిన గాజు గ్లాసుల పెట్టె ఇంకా విప్పనే లేదు. మేం ఉండేది మూడంతస్తుల ఇంట్లో పై వాటా. నీళ్ళు రోజు విడిచి రోజు తెల్లవారుతుండగా వస్తాయి. కింద రెండు వాటాల వాళ్ళూ పట్టుకున్నాక, మెట్లెక్కి వచ్చిన మనిషిలా ఆయాసపడుతూ మా దాకా చేరతాయి. చేరే ముందు కుళాయి రెండుసార్లు దగ్గుతుంది. కొత్త దంపతులున్న గదిలోకి దగ్గి మరీ వచ్చే ఆ పెద్దరికం చూసి, దానికి మామయ్యగారు అని పేరు పెట్టుకున్నాం. అసలు మామయ్యగారు వేరే ఊళ్ళో ఉంటారు. ఆయనకీ సంగతి తెలియదు. మీరూ చెప్పకండి.

దగ్గు వినపడగానే మా ఆయన నిద్రకళ్ళతోనే బకెట్ కోసం పరుగెత్తుతారు. బడిలో లెక్కలు చెప్పే మనిషి, ఇంట్లో మాత్రం అంత వేగం ఆ ఒక్కపనికే. ఆయన వెనకే నేను కాఫీ గిన్నె పట్టుకుని. మొదటి ధార గిన్నెలోకి, తర్వాతది బకెట్లోకి. ఆ మొదటి ధారతో పెట్టుకున్న కాఫీని మేడమెట్ల మీద కూర్చుని, ఒకే కప్పులో, నీదో గుక్క నాదో గుక్క అనుకుంటూ తాగుతాం. సంసారమంటే ఇంత బాగుంటుందని పెద్దవాళ్ళు ఎవరూ ముందే చెప్పరేమిటా అనిపించేది నాకు.

ఆ రోజు మామయ్యగారు దగ్గలేదు. ఎండ వంటింటి గట్టు మీదికి వచ్చింది గాని ఆయన రాలేదు. అప్పుడు వీధిలోకి మైకు కట్టిన ఆటో ఒకటి వచ్చి ఆగింది.

"ప్రియమైన వినియోగదారులారా! తమ వీధిని మిగులు జలాల వీధిగా ప్రకటించుటకు నీటి సరఫరా కార్యాలయము మిక్కిలి సంతసించుచున్నది. మీకు నీటి కొరత లేదు. గతములోనూ లేదు. ఉన్నదన్న అపోహకు ఎవరూ లోను కావద్దు."

నేను బకెట్ వదిలేసి ఆయన చెయ్యి పట్టుకున్నాను. "ఏమండీ, మనకి నీళ్ళ కొరత లేదటండీ!"

"ఎంత అదృష్టవంతులమోయ్!" అన్నారాయన. "ఊళ్ళో ఇన్ని వీధులుండగా మనం ఇందులోనే ఇల్లు తీసుకున్నాం చూడు!"

కిటికీలోంచి చూస్తే వీధంతా పండగలా ఉంది. ఖాళీ బిందెలు చంకలో పెట్టుకున్న ఆడవాళ్ళు వాటి మీదే దరువు వేస్తున్నారు. ఖాళీ బిందె పలికినట్టు నిండు బిందె పలకదు కదా, మంచి సందడిగా ఉంది. కింద వాటాలో ఉండే ఇంటావిడ, మేం పిన్నిగారని పిలుస్తాం, గుమ్మంలో నిలబడి కళ్ళు తుడుచుకుంటున్నారు. ఆనందబాష్పాలు. ఆ పూట మా వీధిలో ఎవరింట్లోనైనా పడిన నీటిచుక్కలు అవే.

ఆటో కదులుతూ ఇంకో వాక్యం చదివింది. "మిగులును దృష్టిలో ఉంచుకుని నేటి నుండి కుళాయి సరఫరా నిలిపివేయబడినది." ఈ సంతోషంలో ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు.

సాయంత్రం కమ్యూనిటీ హాల్లో ఇంజనీరుగారి సన్మాన సభ జరిగింది. మంచివార్త ఇచ్చిన మనిషిని ఊరికే వదిలిపెట్టే వీధి కాదు మాది. నీటి సరఫరా ఇంజనీరుగారు ఈ మధ్యే ఏదో శిక్షణ శిబిరానికి వెళ్ళి వచ్చారు. కాఫీ మొక్కకు తాగించిన నీళ్ళు, మీద కురిసిన వాన, పండ్లు కడిగి గింజ తీసేందుకు వాడిన నీళ్ళు అన్నీ కలుపుకుంటే, మనం తాగే ఒక్క కప్పు వెనక నూట నలభై లీటర్ల దాకా నీళ్ళుంటాయని అక్కడెవరో పాఠం చెప్పారట. విన్నవాళ్ళంతా అయ్యో అనుకుని కాఫీ విరామానికి లేచి వెళ్ళారట. మన ఇంజనీరుగారు మాత్రం చేతిలో కప్పు పట్టుకుని, దాంట్లోకి చూస్తూ అక్కడే నిలబడిపోయారట. ఇన్నేళ్ళుగా తాను వెతుకుతున్న నీళ్ళన్నీ అందులో ఉన్నాయి.

"సోదర సోదరీమణులారా!" అన్నారు ఇంజనీరుగారు సభలో. "ఇన్నాళ్ళూ మీరు కుళాయి వంక చూశారు. అదే మీ పొరపాటు. కప్పు వంక చూడండి! ఆ కప్పులో ఒక చెరువుంది. ఆ చెరువును మీ ఇంటికి, మీ బల్ల మీదికి, మీ పెదవుల దాకా చేర్చిన వ్యవస్థ మనది. లోకంలో ఏ గొట్టమైనా పెదవుల దాకా వస్తుందా?"

చప్పట్లు మోగాయి.

లెక్క ఎలా వచ్చిందో కూడా వారే వివరించారు. కిందటి నెలలో కొందరు ఇంటింటికీ వచ్చి, మీరు రోజుకు ఎన్ని కాఫీలు తాగుతారని అడిగి వెళ్ళారు. మాకు బాగా గుర్తుంది. ఎవరైనా వచ్చి మనింట్లో ఎన్ని కాఫీలని అడిగితే మా వీధిలో నిజం చెప్పడం మర్యాద కాదు. నిజం చెబితే వచ్చేపోయే వాళ్ళు లేని ఇల్లనుకుంటారు. పిన్నిగారు ఇరవై అని చెప్పారు. వారింట్లో ఉండేది వారొక్కరే. ఎదురింటి బాబాయిగారు, మా వీధి సంఘానికి అధ్యక్షులు, పిన్నిగారు ఇరవై చెప్పారని విని ఇరవై అయిదు చెప్పారు. మా ఇంటికి వచ్చినప్పుడు మా ఆయన "ఒకటండీ" అనబోతుంటే నేను నడుం మీద గిల్లి ఎనిమిది చెప్పించాను. కొత్త కాపురం, మొదటిరోజే చులకనైపోతే ఎలా?

ఇంటికి వచ్చి ఆయన వంటింటి గచ్చు మీద సుద్దముక్కతో లెక్క వేశారు. మా ఇద్దరికీ రోజుకు పదకొండొందల ఇరవై లీటర్లు అందుతున్నాయి. పిన్నిగారికి రెండువేల ఎనిమిదొందలు.

"అంత నీళ్ళేం చేసుకుంటున్నారోయ్ ఆవిడ ఒక్కరే?" అన్నారాయన దిగులుగా.

సభలో ఆయన ఒక సందేహం అడిగారని చెప్పడం మరిచాను. "అయ్యా, ఆ నీళ్ళు తాగింది మొక్క కదండీ, మేం కాదుగా?" అన్నారు. హాలంతా ఆయన వైపు తిరిగింది. ఇంజనీరుగారు ఎంతో వాత్సల్యంతో నవ్వారు.

"మాస్టారూ, ఆ మొక్క ఎవరి కోసం తాగింది?"

"మా కోసమేనండి."

"మీ తరఫున తాగింది. పిల్లాడి తరఫున తండ్రి సంతకం పెడితే చెల్లుతుందా, చెల్లదా? కూర్చోండి."

ఆయన కూర్చున్నారు. ఎంత చక్కగా చెప్పారో అని నేనూ చప్పట్లు కొట్టాను. ప్రసంగం అయ్యేలోపు ఇంజనీరుగారు మూడు కాఫీలు తాగారు. అంటే ఆ హాల్లో నాలుగొందల ఇరవై లీటర్లు పారాయన్నమాట. ఒక్కరికీ పాదాలు తడవలేదు. పనితనమంటే అది.

మా కుళాయిల్లో మిగిలిన నీళ్ళను వృథా కానివ్వలేదు. నీటి పొదుపు మీద ప్రజల్లో చైతన్యం కలిగించడానికి నీటి సరఫరా కార్యాలయం ముందు ఫౌంటెన్ కట్టారు. కాఫీ కప్పు ఆకారంలో ఉంటుంది. పగలంతా పొంగి పొర్లుతూనే ఉంటుంది. చూసినవాళ్ళకు పొదుపు చెయ్యాలని తప్పకుండా అనిపిస్తుంది. మేం వెళ్ళి చూశాం. తుంపర్లు మొహాన పడ్డాయి. "మామయ్యగారు ఇక్కడికి బదిలీ అయ్యారన్నమాట," అని ఆయన చెవిలో అన్నాను. ఇద్దరం పడీపడీ నవ్వాం. కాపలావాడు ఆ తుంపర్లు ప్రజల ఆస్తి, మొహం తుడుచుకోవద్దన్నాడు.

ఇలా కొన్నాళ్ళు గడిచాక, అంటే ఇంట్లో ఉన్న గిన్నెలూ చెంబులూ ఖాళీ అయ్యాక, వీధి సంఘం సమావేశమైంది. కొత్తగా వచ్చిన చదువుకున్న కోడల్నని నన్ను కార్యదర్శిని చేశారు. అధ్యక్షులు బాబాయిగారు లేచి, గొంతు సవరించుకుని, చరిత్రాత్మక ప్రకటన చేశారు. "కాఫీ తాగుతున్నామని కదా కుళాయి ఆపారు. కాఫీ మానేద్దాం. కుళాయి తనంతట తనే వస్తుంది." ఇంత సూటి ఆలోచన మా ఎవరికీ తట్టనందుకు సిగ్గుపడ్డాం. నేను మా ఆయన వంక చూశాను, ఆయన నా వంక చూశారు. మేడమెట్ల మీది కప్పు ఇద్దరికీ కళ్ళముందు ఆడింది. కానీ ఆ కప్పుకి కూడా మామయ్యగారు దగ్గాలి కదా. కుళాయి వస్తే అన్నీ వస్తాయని చెయ్యెత్తాం.

నీటి సరఫరా కార్యాలయం మా త్యాగాన్ని ఎంతో మెచ్చుకుని వెంటనే తిరస్కరణ పథకం ప్రవేశపెట్టింది. కాఫీ తాగకపోతే చాలదు, వద్దనాలి. వద్దన్న ప్రతి కప్పుకీ నూట నలభై లీటర్లు ఆదా. అయితే ఉత్తుత్తి తిరస్కరణలు చెల్లవు. కాఫీ నిజంగా పెట్టాలి. పొగలు రావాలి. ఎదుటివాళ్ళకు ఇచ్చి రెండుసార్లు తాగమని బతిమాలాలి. వాళ్ళు రెండుసార్లూ వద్దనాలి. ఆ తర్వాత ఆ కాఫీని సింకులో పారబోయాలి. పారబోసినది తాగినట్టు కాదు గనుక అది ఆదా.

అప్పటి నుంచి మా వీధికి కొత్త కళ వచ్చింది. ఒకరింటికి ఒకరు వెళ్ళడం మరిచిపోయిన రోజుల్లో, జనం ఇల్లిల్లూ తిరిగి కాఫీ వద్దనడం మొదలుపెట్టారు. బాబాయిగారైతే పొద్దున్నే స్నానం చేయకుండా బయల్దేరి (చేసే వీలు లేదు), మధ్యాహ్నానికల్లా వీధి ఆ చివరిదాకా వద్దని వచ్చేవారు. వారి తిరస్కారం చూసి తీరాలి. కప్పు అందుకుంటారు. ముక్కు దాకా తెచ్చి, కళ్ళు మూసుకుని, గుండెల నిండా పీలుస్తారు. పెదవులు ఒకసారి వణుకుతాయి. తర్వాత రాజ్యం వదులుకుంటున్న మహారాజులా కప్పు కిందపెట్టి, "వద్దమ్మా," అంటారు. ఆ ఒక్క మాటలో ఎంత నీరుందో!

కొత్త దంపతులం కాబట్టి మాకు గిరాకీ మరీ ఎక్కువ. కొత్తజంట వద్దంటే ఆ ఇంటికి మంచిదని ఎవరో పుట్టించారు. సాయంత్రమైతే చాలు పిలుపులు. మంచి చీర కట్టుకుని, ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, వరసగా ఇళ్ళకు వెళ్ళి వద్దనేవాళ్ళం. ఒకరోజు పిన్నిగారింట్లో కూర్చున్నాం. ఆవిడ చిక్కటి కాఫీ తెచ్చి నా చేతికిచ్చారు.

"తాగమ్మాయ్, చల్లారిపోతుంది."

"వద్దండి పిన్నిగారూ."

"అయ్యో, అదేమిటే, ఒక్క గుక్క! నా మాట కాదంటావా?"

"వద్దండి."

"అబ్బ, ఎంత బాగా అన్నావే! అబ్బాయ్, నువ్వు కూడా అను. మొహం అలా వేలాడెయ్యకూడదు, పొదుపు చేస్తున్నట్టుండాలి."

మా ఆయన వద్దన్నారు. ఆ గొంతు విని పిన్నిగారి కళ్ళు కూడా చెమర్చాయి. ముగ్గురం లేచి వెళ్ళి సింకు చుట్టూ నిలబడి రెండు కప్పులూ పారబోశాం. ఆ ధార సింకులోకి జారిపోయేదాకా ముగ్గురం చూస్తూనే ఉన్నాం. "పోయినవాళ్ళని సాగనంపినట్టుందే," అన్నారు పిన్నిగారు చివరికి.

కాఫీ మానేశాక మా వీధిలో కాఫీ వాడకం మూడింతలైంది. కాఫీ పొడి దుకాణం ముందు బారులు తీరారు. మరపట్టే మిషన్ పగలూ రాత్రీ తిరిగి వేడెక్కిపోతే, దాన్ని చల్లబరచడానికి కూడా నీళ్ళు లేకపోయాయి. కాఫీ పెట్టడానికి మాత్రం అందరం క్యాన్ల నీళ్ళు తెప్పించుకున్నాం. స్నానానికి అంత మంచి నీళ్ళు వాడితే పాపం కదా. వీధి మురుగుకాలవ ఘుమఘుమలాడింది. పక్క వీధుల వాళ్ళు సాయంత్రం షికారుకు వచ్చి దాని గట్టున నిలబడేవారు. ఆ కాలవలో నీళ్ళు తాగిన పిల్లులు రాత్రంతా గోడల మీద అటూ ఇటూ పచార్లు చేస్తూ, మనసులో ఏదో పెద్ద ప్రణాళిక ఉన్నట్టు కనిపించేవి.

పథకంలో దొంగతనాలు జరగకుండా కార్యాలయం ఒక వాసన ఇన్‌స్పెక్టరుగారిని నియమించింది. బక్కపలచని మనిషి. ముక్కు మాత్రం మనిషికంటే ముందు గుమ్మంలోకి వచ్చేది. వీధంతా కాఫీ వాసనే కాబట్టి ఆయన పని చాలా తేలిక. ఎక్కడ నిలబడ్డా కేసే.

ఒక ఆదివారం మధ్యాహ్నం మేమిద్దరం ఓడిపోయాం. సరిగ్గా చెప్పాలంటే నేను ఓడిపోయి ఆయన్ని కూడా ఓడించాను. కిటికీలు మూశాం. తలుపు కింద సందులో తడిగుడ్డ పెడదామనుకున్నాం, తడపడానికి నీళ్ళు లేవని పొడిగుడ్డే పెట్టాం. ఒక్క కప్పు కాఫీ పెట్టి, గచ్చు మీద చేరగిలబడి, ఆ సుద్దలెక్కల పక్కనే కూర్చున్నాం.

"ఏమోయ్, ఒక్కో గుక్కకీ ఎన్ని లీటర్లవుతుందో తెలుసా?" అని మొదలుపెట్టారాయన.

"ఇంకోమాట లెక్కలు మాట్లాడారంటే మొత్తం నేనే తాగేస్తాను," అన్నాను.

ఆయన గుక్క తాగి, కప్పు నాకిచ్చారు. నేను తాగాను. ప్రాణం లేచొచ్చింది. అప్పుడు తలుపు చప్పుడైంది.

ఇన్‌స్పెక్టరుగారు లోపలికి వచ్చి గాలి పీల్చారు. "కాఫీ వాసన వస్తోంది."

"కిందింటి పిన్నిగారు తిరస్కరిస్తున్నారండీ," అన్నారు మా ఆయన.

"తిరస్కరించే కాఫీ వాసన వేరు మాస్టారూ. అందులో ఏడుపుంటుంది. ఇది తాగే కాఫీ." ఆయన మెల్లగా మా ఎదురుగా గచ్చు మీద కూలబడ్డారు. "పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వాసన చూస్తానమ్మా. ఇంటికెళితే మా ఆవిడ కాఫీ పెట్టి తీసుకొస్తుంది. ఆశగా చెయ్యి చాపుతానా, 'వద్దనండి, వద్దనండి' అంటుంది. ఎన్నాళ్ళని వద్దంటాడమ్మా మనిషి?"

నేను కప్పు ఆయన వైపు జరిపాను. ఆయన ముక్కు ముందు తాగింది, తర్వాత నోరు. ఆఖరి చుక్క దాకా తాగి, మూతి తుడుచుకుని లేచారు. "దీంట్లో మీ ఇద్దరివీ రెండు గుక్కలు. మిగతాది నాది. నేను మీ వీధివాణ్ణి కాను కాబట్టి అది మీ లెక్కలోకి రాదు. ఆ రెండు గుక్కలకి నా ముక్కు దిబ్బడేసింది, నాకేం తెలియదు." చట్టానికి కూడా గుండె ఉంటుందని ఆ రోజు చూశాం. ఆ తర్వాత ప్రతి ఆదివారం ఆ గుండె సరిగ్గా అదే సమయానికి తలుపు కొట్టేది.

నిన్న మళ్ళీ కమ్యూనిటీ హాల్లో సభ. ఈసారి మాకు సన్మానం. మా వీధి తిరస్కరణల్లో ఊళ్ళోకెల్లా మొదటి స్థానంలో నిలిచింది. బాబాయిగారికి నీటిబొట్టు ఆకారంలో పతకం వేశారు. ఆయన దాన్ని పట్టుకుని అటూ ఇటూ వంచి చూశారు, పొరపాటున ఏమైనా కారుతుందేమోనని. నాకు మాత్రం ఒళ్ళంతా చెవులే. కుళాయి మాట ఎప్పుడొస్తుందా అని. ఇంట్లో కుళాయి కింద కాఫీ గిన్నె పెట్టి మరీ వచ్చాను.

"మహాజనులారా!" అన్నారు ఇంజనీరుగారు. "మీరు ఇల్లిల్లూ తిరిగి వద్దని ఆదా చేసిన నీళ్ళతో ఒక చిన్న జలాశయం నింపవచ్చు. ఈ ఊళ్ళో ఏ వీధి దగ్గరా ఇంత నిల్వ లేదు! ఇంత నిల్వ ఉంచుకున్న వీధికి కుళాయి నీళ్ళు ఇవ్వడం మిగతా వీధులకు ద్రోహం చేయడమే అవుతుంది. ఆ పాపం నేను చేయలేను. మీరు నన్ను చేయనివ్వరని కూడా నాకు తెలుసు!"

చప్పట్లు మొదలయ్యాయి. అలవాటుగా నా చేతులు కూడా లేచాయి. మధ్యలో ఆగిపోయాయి. వంటింట్లో గిన్నె నోరు తెరుచుకుని ఎదురుచూస్తున్నట్టు కళ్ళకు కట్టింది. ఎప్పుడు లేచి నిలబడ్డానో నాకే తెలియదు.

"అయ్యా! తాగినప్పుడు తాగేశారని ఆపారు. మానేస్తే మిగిల్చారని ఆపుతున్నారు. తాగినవీ మావేనన్నారు, మిగిలినవీ మావేనన్నారు. మరి ఆ నీళ్ళు ఎక్కడున్నాయండీ? నాకు ఒక్క గిన్నెడు చాలు. చూపించండి, నేనే వెళ్ళి తెచ్చుకుంటాను!"

పిన్నిగారు నా కొంగు పట్టుకుని లాగుతూ "కూర్చోవే, కొత్తకోడలివి," అన్నారు. తర్వాత ఏమనుకున్నారో కొంగు వదిలేసి, "అది అడిగినదానికి చెప్పండి నాయనా," అన్నారు. ఇంజనీరుగారు నీళ్ళు నమిలారు. ఆ నమిలినవి ఏ ఖాతాలోవో తెలియదు. మంచి అధికారి ఎప్పుడూ ఓడిపోడు. ఆయన గోడమీది పటం దగ్గరికి నడిచి, మా ఊరి మీద వేలు పెట్టి, మెల్లగా జరుపుకుంటూ వెళ్ళి, పచ్చరంగు వేసి ఉన్న కొండల మీద ఆపారు.

"ఇక్కడ. కాఫీ తోటల దగ్గర. మీ నీళ్ళన్నీ భద్రంగా ఇక్కడే ఉన్నాయి. కార్యదర్శి అమ్మాయిగారే దారి చూపించారు! బస్సు మేమే ఏర్పాటు చేస్తాం. ఖాళీ బిందెలతో వెళ్ళి ఎవరి నీళ్ళు వాళ్ళు తెచ్చుకోవచ్చు."

ఆ తర్వాత ఏం జరిగిందో నేను చూడలేదు, ఎందుకంటే నన్ను భుజాల మీదికి ఎత్తేశారు. దారి పొడుగునా బిందెల మీద దరువు. ఇంటికి రాగానే మా ఆయన అన్నారు, "కొండలోయ్! పెళ్ళయ్యాక మనం ఎక్కడికీ వెళ్ళనే లేదు కదా!" నాకు ఆ సంగతి అప్పుడు తట్టింది. ఆయన ఎంత ముద్దొచ్చారో. అటకమీది పెద్ద బిందె దించి, ఇద్దరం కలిసి తుడిచాం. పొడిగుడ్డతోనే. కిటికీ పక్క సీటు నాది, బిందె ఆయన ఒళ్ళో అని ఒప్పందం కుదిరింది.

ఇవాళ మధ్యాహ్నం, ఆదివారం కాకపోయినా, వాసన ఇన్‌స్పెక్టరుగారు వచ్చారు. ముక్కు కాస్త వాలిపోయి ఉంది.

"అమ్మా, కొండల కార్యాలయం నుంచి ఫోనొచ్చింది. అక్కడా కుళాయిలు రావట్లేదట. పండ్లు కడిగిన నీళ్ళు కలిసి వాగు గోధుమరంగులో పారుతోందట. తాగడానికి లేదు. మా నీళ్ళేవయ్యా అని అక్కడి జనం వాళ్ళ ఇంజనీరుని నిలదీశారట."

"ఆయనేం చెప్పారు?" అన్నారు మా ఆయన.

"ఆయనా మా ఇంజనీరుగారూ శిక్షణలో పక్కపక్క కుర్చీల్లోనే కూర్చున్నారు. ఇంకేం చెబుతాడు? 'మీ నీళ్ళు కప్పుల్లో పోసి ఊళ్ళకు పంపించేశాం, భద్రంగా అక్కడే ఉన్నాయి, వెళ్ళి తెచ్చుకోండి' అన్నాడట. వాళ్ళ బస్సు కూడా రేపే బయల్దేరుతోంది. మీ వీధికి."

మా ఆయన గచ్చు మీద చెరిగిపోతున్న సుద్దలెక్కల వంక చూస్తూ కూర్చున్నారు. ఆ బస్సులో నాలాంటి కొత్త పెళ్ళికూతురు ఒకతె ఉండకుండా ఉండదు అనిపించింది నాకు. ఒళ్ళో బిందె పెట్టుకుని, కిటికీ పక్కన కూర్చుని, పెళ్ళయ్యాక మొదటిసారి ఊరు దాటుతున్నానని మురిసిపోతూ ఉంటుంది. వాళ్ళింటి కుళాయి కూడా దగ్గేదేమో. దానికి ఏం పేరు పెట్టుకుందో అడగాలి. ఆ అమ్మాయి నన్ను ఇంకేమైనా అడిగితే ఏం చెప్పాలో కూడా మెట్ల మీద కూర్చుని ఆలోచించి పెట్టుకున్నాను. "మీ నీళ్ళు చాలా బాగుంటాయండీ," అని చెబుతాను. "చిక్కగా ఉంటాయి. మేం రోజూ పొద్దున్నే తాగేవాళ్ళం."

సాయంత్రానికి మైకు ఆటో మళ్ళీ వచ్చింది. రేపటి కార్యక్రమం ప్రకటించింది. ఇద్దరు ఇంజనీర్లూ సమన్వయ సమావేశం జరిపి, అంతా ముచ్చటగా తేల్చేశారు. తెల్లవారగానే మా బస్సు ఇటు నుంచి, వాళ్ళ బస్సు అటు నుంచి బయల్దేరతాయి. రెండూ సగం దారిలో కలుసుకుంటాయి. అక్కడ రెండు ఊళ్ళవాళ్ళూ ఒకరి ఖాళీ బిందెలు ఒకరు చూసుకుని, ఎవరి నీళ్ళు ఎవరి దగ్గరున్నాయో సామరస్యంగా మాట్లాడుకుంటారు. దూరం నుంచి వచ్చినవాళ్ళు కాబట్టి, ప్రభుత్వ ఖర్చుతో అందరికీ తలా ఒక కప్పు కాఫీ ఇస్తారు. అక్కడ మాత్రం వద్దనడానికి వీల్లేదు. మర్యాద కాదు.

బస్సులో ఇంకా చోటుంది. చదువుతున్న మీరు కూడా రావచ్చు. చేతిలో కప్పు ఉంటే తొందరపడకండి, అది పూర్తిగా తాగేసే రండి. బిందె మాత్రం ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి.